మట్టిగుట్ట మీద మణెమ్మ మంద

ఏ వస్తువు చేతికి దొరికినా దాన్ని విప్పి లోపల ఏముందో చూడందే మణెమ్మకు మనసున పట్టదు. బచ్చన్నపేట నుంచి భూపాలపల్లి దిక్కు కోడలిగా వచ్చిన మొదటి నెలలోనే అత్తగారింటి టార్చిలైటు విప్పి, మళ్ళీ బిగించరాక తిట్లు తిన్నది. ఇప్పుడు ఆమెకు యాభై ఐదేండ్లు దాటినయి. అలవాటు మాత్రం దాటలేదు.

ఊరికి పడమట ఒకప్పుడు గైరాను ఉండేది. అది ఊరందరి పశువులు మేసే భూమి. బొగ్గు బాయి మొదలయ్యాక బొగ్గు మీదున్న మట్టి, రాయి అంతా లారీలతో తెచ్చి ఆ గైరాను మీదనే పోశారు. పదేండ్లలో అక్కడ గుట్ట లేచింది. వానకు చారలు చారలుగా కోసుకుపోయేది, ఎండకు పెనంలా కాలేది. దాని మీద గడ్డిపోచ మొలవలేదు. మణెమ్మ గొర్లు కాలువ గట్టు పట్టుకొని, ఎండకాలమైతే సర్కారు తుమ్మ కాయలు ఏరుకు తిని బతికేవి. నూట ఇరవై ఉన్న మంద అరవైకి వచ్చింది.

"ఈ యేడు గూడ మేత దొరకకపోతే మిగిలినయి గూడ అమ్మేద్దాం," అన్నాడు ఆమె మొగుడు సాయిలు. నాలుగు తరాలుగా గొర్లున్న ఇల్లది. మణెమ్మ ఆ పూట అన్నం సగమే తిన్నది.

మట్టి పోయడం ఆగిన యేడు, చెట్లు పెట్టించే బొగ్గు కంపెనీ సూపర్‌వైజర్ జితేందర్ టేపు పట్టుకొని గుట్ట కొలుస్తుంటే మణెమ్మ ఎదురు పోయింది.

"ఏం పెడ్తున్నరు సార్?"

"నీలగిరి. సుట్టూ కంచె."

"నీలగిరి కింద గొర్రె ఏం మేస్తది? మొద్దు కొరుకుతదా?"

జితేందర్ నవ్వాడు. "గడ్డి రాదవ్వా. నూరు గజాల కింది మట్టి గిది. దీంట్ల సారం లేదు. దీనికి ఎరువెవరు పోస్తరు?"

"నా గొర్లు పోస్తయి."

బచ్చన్నపేటలో మంద పెట్టుడు అంటే చిన్నపిల్లలకూ తెలుసు. పంట లేని రోజుల్లో రైతులు గొర్ల మందను పిలిపించి చెల్కలో పడుకోబెడతారు. పెంటికలు, ఉచ్చ, డెక్కల తొక్కుడు, మూడూ కలిసి నేల మెత్తబడుతుంది. మణెమ్మ నాయిన బతుకంతా ఆ పనే చేశాడు.

జితేందర్ తలగోక్కుని ఆరెకరాలు చూపించాడు. "రెండు వానకాలాలు సూస్త. గడ్డి నిలిస్తే మేతకు వదలమని పై సార్లకు రాస్త. ముండ్లకంప లేస్తే మాత్రం కంచె, నీలగిరి. పిట్టలు, కుందేళ్లు తిరిగితే గది గూడ రాస్త. మా కాయితంల దానికీ ఓ గడి ఉంది."

ఆ ఎండకాలమంతా మంద గుట్ట మీదనే పడుకుంది. పగలు కాలువ గట్టు, పొద్దుగూకితే గుట్ట. "బొగ్గుకు ఎరువేస్తున్నది మా బచ్చన్నపేట దొరసాని!" అని సాయిలు కనబడ్డోళ్లందరికీ చెప్పుకొని నవ్వాడు.

మొదటి వానకు గడ్డి పచ్చగా లేచింది. రెండో నెలలో దాని నడుమ ఇంకేదో లేచింది. సన్నటి ఆకు, సూదిలాంటి ముల్లు. సర్కారు తుమ్మ. ఒకటి కాదు, చల్లినట్టే ఉంది.

"మట్టిల్నే ఉంది పీడ," అన్నాడు సాయిలు. "కంపెనోళ్ల మట్టి, కంపెనోళ్ల తప్పు. మనకేంది?"

మణెమ్మ నడుం మీద చేతులు పెట్టుకొని గుట్టంతా తిరిగింది. మంద పడుకున్న జాగలోనే మొలకలున్నాయి. పడుకోని జాగలో ఒక్కటీ లేదు. వంగి, ఒక పాత పెంటికను రాయి మీద పెట్టి చిదిమింది. లోపల గోధుమరంగు తుమ్మ గింజ, నున్నగా, చెక్కు చెదరకుండా ఉంది.

ఆమె అక్కడే కూర్చొని ఇంకో రెండు చిదిమింది, వాటిలోనూ గింజలే. నాయిన పెట్టిన మందల్లో కూడా గింజలు వచ్చే ఉంటాయి. కాని అక్కడ మంద లేచిపోగానే వెనకాల నాగలి నడిచేది. లేత మొలక తిరగబడి చచ్చేది. తను పుట్టింటి నుంచి మందను తెచ్చుకున్నది గాని, దాని వెనక నాగలి ఉండాలనే సంగతి మరిచింది.

"సార్‌కు చెప్పొస్త," అని లేచింది.

"పిచ్చా నీకు? చెప్తే గుట్ట పోతది. నోర్మూసుకొని ఉండు!"

"గుట్ట పోతే పోనీ. గింజ నా గొర్రె కడుపుల నుంచే వచ్చింది."

కొంగున కట్టిన గింజలను జితేందర్ బల్ల మీద పోసి అంతా చెప్పింది. అతను చాలాసేపు వాటిని వేలితో దొర్లించాడు.

"నువ్వు చెప్పకుంటే నాకు తెల్వకపోవునవ్వా."

"నాకు తెల్వకుంటే వచ్చే యేడు గూడ గిట్లనే చేస్తుంటి."

"వచ్చే యేడు బతుకమ్మ పండుగ వరకు ఒక్క ముల్లుండొద్దు మరి."

సర్కారు తుమ్మను కోస్తే రెండింతలు లేస్తుంది. వేరుతో పెకిలించాల్సిందే. నేల తడిగా ఉన్నన్ని రోజులు మణెమ్మ గడ్డపారతో పెకిలించింది. అరచేతులు పొక్కినయి. వారం తర్వాత పక్కన ఇంకో గడ్డపార చప్పుడైంది. తలెత్తితే సాయిలు.

"మీ నాయిన నాగలి ఈయలే. నేనన్న గడ్డపార తెచ్చిన," అన్నాడు మొహం ముడుచుకొని.

మరుసటి ఎండకాలం మందను ఊరికే గుట్ట ఎక్కించలేదు. ముందు వారం రోజులు దొడ్లో కట్టి వరిగడ్డే వేసింది. ఆ తర్వాత గూడ పగలు తుమ్మ కాయల దిక్కు పోనీయక, రోజూ పొద్దున పిడికెడు పెంటికలు చిదిమి చూసి, గింజ కనబడనప్పుడే తోలింది.

రెండో వానకాలానికి గడ్డి మోకాలెత్తయింది. కుందేళ్లు పరుగెత్తినయి. పండుగకు ఇరవై రోజుల ముందు జితేందర్ వచ్చి ఆరెకరాలూ తిరిగాడు. చివరి మూలకు, రాళ్ల సందున ఆగాడు. నడుమెత్తు తుమ్మ కంప.

"గిదేందవ్వా?"

"జర మెల్లగ, సార్." మణెమ్మ గడ్డి పక్కకు తీసింది. కంప మొదట్లో చిన్న గుంత. అందులో మీగడ రంగు గుడ్లు ఆరు. కౌజు పిట్టవి. "పీకుదామని వస్తే తల్లి పిట్ట కాళ్ల సందు నుంచి లేచింది. పిల్లలు పోయినంక పీకుత."

"ఒక్క ముల్లుండొద్దన్న గద?"

"అన్నరు. ముల్లు కింద గుడ్లుంటే ఏం చెయ్యాల్నో అనలే."

జితేందర్ కాయితం మోకాలి మీద పెట్టుకొని రాశాడు.

"ఏం రాసిన్రు సార్?" అన్నది మణెమ్మ.

"ఉన్నదే రాసిన. కంప ఒకటి. దాని కింద కౌజు గుడ్లు."

మేతకు వదిలినట్టు కాయితం పండుగ ముందురోజు వచ్చింది. ఆ పొద్దే ఊరి ఆడోళ్లు బతుకమ్మలో పేర్చే గునుగు పువ్వు కోసం గుట్టెక్కారు. మణెమ్మ పువ్వు కోయలేదు, గడ్డపార పట్టుకొని మూలకు నడిచింది. గుంతలో గుడ్ల పెంకులే ఉన్నాయి.

"కాయితం వచ్చింది గదనే. ఇంకెవడు అడుగుతడు?" అన్నాడు సాయిలు.

ఆమె వేరుతో సహా కంపను పెకిలించి ఎండకు తిప్పేసింది. బొంద పూడ్చడానికి దోసెడు పెంటికలు తీసుకొని, పోయబోయి ఆగింది. ఒకదాన్ని రాయి మీద పెట్టి చిదిమింది. గడ్డి పీచు తప్ప ఏమీ లేదు. అప్పుడు పోసి, మట్టి కప్పి, కాలితో అదిమింది.