పూజ పీట మీది పాత కంప్యూటర్

ఫ్యాక్టరీలో మెర్సీకి ఎవరితోనూ పెద్దగా పొసగదు. తప్పు కనబడితే ముఖం మీదే చెబుతుంది, చెప్పాక నవ్వదు. నార్కట్‌పల్లి చౌరస్తాలో లారీల కింద పడుకొని గ్రీజు పెట్టిన ఎల్లస్వామి కూతురు. తెలంగాణ రాష్ట్రం వచ్చిన ఏడు ఇంటర్ పాసైంది. డిగ్రీ తర్వాత హైదరాబాద్‌లో హెల్ప్ పేజీలు రాయడం నేర్చుకుంది. రెండేళ్లుగా షాద్‌నగర్ దగ్గరి పశువుల దాణా ఫ్యాక్టరీలో ఆమె పని అదే. ఏ యంత్రాన్ని ఎలా నడపాలో, ఎక్కడ చెయ్యి పెట్టకూడదో తెలుగులో రాసి, సాఫ్ట్‌వేర్‌తో పేజీలుగా మార్చి, ప్లాంటులోని కంప్యూటర్లకు ఎక్కిస్తుంది.

దసరా మర్నాడు ప్లాంటు తెరిచేసరికి ఆ పేజీలు బోసిగా ఉన్నాయి. రంగులు లేవు, గడులు లేవు. "మిక్సర్ తిరుగుతుండగా మూత తీయవద్దు" అన్న హెచ్చరిక చుట్టూ ఉండే ఎర్ర గడి పోయి, ఆ వాక్యం మిగతా వాక్యాల్లో కలిసిపోయింది. మిక్సర్ నడిపే కురుమయ్య దాన్ని చూసి, "గిదేంది, కోర్టు నోటీసు లెక్కున్నది" అన్నాడు.

అక్షరాల సైజు, రంగు, గడులు అన్నీ స్టైల్ ఫైలు అనే ఒక్క ఫైలు నుంచి వస్తాయి. పేజీ తెరిచినప్పుడు అది దొరక్కపోతే మిగిలేది ఉత్త రాత.

కంప్యూటర్ల విభాగం చూసే దామోదర్ నేరుగా మెర్సీ బల్ల దగ్గరికి వచ్చాడు.

"పండుగ నాడు ఈ గదిల ఎవరున్నరు?"

"నేనున్న సర్. అందరు ఆయుధ పూజ కాడ ఉంటే కొత్త చాప్టర్ ఎక్కించిన."

"ఎక్కించినవో, ఫైలు పీకేసినవో. పూజంటే నీకు పడదని అందరికి ఎర్కనే."

"పడకపోవుడు గాదు. నా పండుగ గాదు, రాలే. క్రిస్మస్‌కు మీరు చర్చికొస్తరా?"

పక్క బల్ల మీద లెక్కలు రాసే శ్రీవాణి తలెత్తకుండానే, "జవాబులకు మాత్రం తక్కువ లేదు" అంది.

"ఎక్కించినంక తెరిచి చూసినవా?" అన్నాడు దామోదర్.

"చూడలే. బస్సు పోతదని ఉరికిన. అది నా తప్పే."

"అంటే ఒప్పుకున్నట్టే."

"చూడనిది ఒప్పుకున్న. పీకేసిన అని ఒప్పుకోలే."

దామోదర్ చెయ్యి చాచి ఆమె మెడలోని ఐడీ కార్డు లాగి తీసుకున్నాడు. "సాయంత్రం దాంక టైమిస్తున్న. పేజీలు ఎన్కటి లెక్క గావాలె. కాకపోతే గేటు దాటి పో, మళ్ల రాకు."

మెర్సీ పేజీలను మళ్లీ తయారుచేసింది. మళ్లీ బోసిగానే వచ్చాయి. పేజీలు చేరే ఫోల్డర్‌లో వెతికితే స్టైల్ ఫైలు లేదు. పోయిన నెల తను దాచుకున్న కాపీలో చూసింది. అందులోనూ లేదు. కానీ పోయిన నెల అదే పేజీ రంగులతో తెరుచుకుంది. అంటే ఆ ఫైలు ఎన్నడూ పేజీల వెంట లేదు, వేరే చోటు నుంచి వస్తోంది. పేజీ వెనకున్న కోడ్ తెరిచి, ఫైలు కోసం అది ఎక్కడికి వెళుతోందో చదివింది. ఫ్యాక్టరీ మొట్టమొదట కొన్న కంప్యూటర్ అడ్రస్ అక్కడుంది. ఆ ఏర్పాటు ఆమె చేరకముందు దామోదర్ చేసింది.

ఆ కంప్యూటర్ మీటింగ్ హాల్లో, అమ్మవారి ఫొటో పక్కన, పీట మీద ఉంది. ఒళ్లంతా పసుపు, కుంకుమ, వాడిపోయిన బంతిపూలు. ఏటా ఆయుధ పూజలో ఆ చోటు దానిదే. పూజయ్యాక, అందరూ పెద్దమ్మ అని పిలిచే యజమాని తల్లి వచ్చి కదిపేదాకా ఎవరూ ముట్టకూడదు. ఆమె మహబూబ్‌నగర్‌లో బిడ్డ ఇంట్లో ఉంది. ఇదివరకు వైర్లు ఉంచే పీట ఎక్కించేవాళ్లు, ఈసారి వాటిని పీకి మోసింది దామోదరే. తను చేసిన ఏర్పాటు మరిచి, పాతది కదా, ఊరికే పడి ఉందనుకున్నాడు.

మెర్సీ అతన్ని పిలిచి అడ్రస్ చూపించింది. అతను చదివి, పీట వైపు చూశాడు.

"వైరు పెట్టుండ్రి సర్."

"పెద్దమ్మ రాకుండ ముట్టొద్దు. నువ్వసలే ముట్టకు."

"ఎప్పుడొస్తది?"

"ఆమె ఇష్టం."

"నాకు మాత్రం సాయంత్రం దాంకనే."

అతను వెళ్లిపోయాడు.

లారీలు తూచే కాంటా గదికి పండుగ లేదు. అక్కడి కంప్యూటర్‌ను ఆపలేదు, నడుస్తుండగానే తెర అంచుకు కుంకుమ పెట్టారు. మెర్సీ పరుగున వెళ్లేసరికి, కాంటా చూసే పుష్ప, పండుగ ముందు తెరిచిన హెల్ప్ పేజీ ఇంకా తెరిచే ఉంది. వైరు పీకకముందే తెరుచుకున్నది కాబట్టి అందులో ఎర్ర గడి ఉంది.

"ఆ పేజీ మూయకు."

"మూద్దామనే చూస్తున్న అక్కా. లారీ నంబరు కొట్టనిస్తలేదు."

"మూస్తే నా కొలువు పోతది."

పుష్ప మౌస్ మీంచి చెయ్యి తీసింది. "గట్లనా. అయితే కూసో. లారోడే ఆగుతడు."

మెర్సీ ఆ పేజీని సేవ్ చేసింది. దాని వెంట స్టైల్ ఫైలూ వచ్చింది. తన గదికి వచ్చి, ఇకపై ఆ ఫైలు పేజీలతో పాటే అదే ఫోల్డర్‌లో చేరేలా మార్చి, మొత్తం మళ్లీ తయారుచేసింది. ఈసారి మిక్సర్ దగ్గరికి పోయి తెరిచి చూసింది. "ఇగో, ఇప్పుడు కండ్లవడ్డది" అన్నాడు కురుమయ్య.

దామోదర్ బల్ల దగ్గరికి వెళ్లింది. అతను పేజీలు తిప్పి చూశాడు.

"గప్పుడే తెరిచి చూస్తే గింత లొల్లి ఉండకపోవు."

"ఫైలు ఎక్కడ పెట్టిండ్రో ఎవరికన్న చెప్పినా ఉండకపోవు."

అతను బల్ల మీది కార్డును వేలితో ముందుకు నెట్టాడు. "తీస్కపో."

మెర్సీ కదల్లేదు. "అందరి ముందట మీ చేత్తో గుంజిండ్రు. అందరి ముందట మీ చేత్తోనే ఇయ్యిండ్రి."

శ్రీవాణి కీబోర్డు చప్పుడు ఆగిపోయింది. దామోదర్ కార్డును తాడు కొస పట్టుకొని ఎత్తి, ఆమె చేతిలో పడేశాడు.

"రేపట్నుంచి తెరిచి చూడు."

"చూస్త. మీరు వైరు పీకే ముందు అడుగుండ్రి."

కార్డు మెడలో వేసుకొని తన కుర్చీలో కూర్చుంది. ఆ సాయంత్రం టీకి ఆమెను ఎవరూ పిలవలేదు. బస్సు టైమయ్యేదాకా ఒక్కో పేజీ తెరిచి చూస్తూ కూర్చుంది.