ఏ సీసాలోనూ లేని వాసన

కామేశ్వరి అక్క ఎనిమిదేళ్ళపాటు రోజుకు పదీ పన్నెండు రకాల వైన్ నోట్లో పోసుకుంది. ఒక్క చుక్క మింగలేదు. ఈ మాట చెబితే మా తెలుగువాళ్ళలో ఒక్కరూ నమ్మరు. నమ్మకపోతే వాళ్ళ ఖర్మ. పక్క అపార్ట్‌మెంట్‌లో ఉన్నదాన్ని, పైగా ఆసుపత్రిలో నర్సుని, ఎవరు తాగారో ఎవరు తాగలేదో నాకు తెలియదా అనుకునేదాన్ని.

1978లో అమెరికాలోని నేవార్క్‌లో, ఫెర్రీ స్ట్రీట్ దగ్గర, పోర్చుగల్ నుంచి వైన్ తెప్పించి అమ్మే అబీలియో అనే ముసలాయన గోడౌన్‌లో ఆమె టైపిస్టుగా చేరింది. ఆమె భర్త కృష్ణమూర్తిగారు అందరికీ "ఇంపోర్ట్ ఆఫీసు" అని చెప్పేవారు, ఏం ఇంపోర్టో మింగేసి. ఒకరోజు అక్క పెట్టెల మధ్య నడుస్తూ ఆగి, మూసి ఉన్న ఒక పెట్టెను చూపించి, "ఇందులో ఒకటి పాడైంది" అంది. తెరిచి చూస్తే నిజంగానే ఒక సీసా బిరడా దగ్గర కారుతోంది. అబీలియో ఆమెను టైపు మిషను ముందు నుంచి లేపి రుచి చూసే బల్ల దగ్గర కూర్చోబెట్టాడు.

మొదటిరోజు అక్క గ్లాసు పైకెత్తి, పెదవికి తగలకుండా నోట్లో పోసుకుంది. ఎంగిలి కదా మరి! సగం వైన్ చీర మీద పడింది. అబీలియో పగలబడి నవ్వి, "సిన్యోరా, ముక్కు గ్లాసులోకి వెళ్ళాలి. గ్లాసు ఆకాశంలోకి కాదు" అన్నాడట. నలుగురి ముందు ఉమ్మడానికి సిగ్గేసి చాలాకాలం కొంగు అడ్డం పెట్టుకునేది.

కానీ మాటల దగ్గర ఆమెకు ఎదురులేదు. విన్యో వెర్డ్ అంటే ఆకుపచ్చ వైన్ అని అర్థం, సీసాలో చూస్తే తెల్లగా ఉంటుంది. ఆ పచ్చదనం రంగు కాదని, లేతదనమని అమెరికన్లకు చెప్పలేక అబీలియో రోజూ గొంతు పోగొట్టుకునేవాడు. అక్క రెండుసార్లు పుక్కిలించి ఉమ్మి, "పచ్చి వైన్. మా పచ్చిమిరపకాయ లాగే" అని తేల్చేసింది. బైరాడ ప్రాంతపు ఎర్ర వైన్ నాలుకను బిగించేస్తుంది. ఆ గుణానికి ఆయన ఇంగ్లీషులో మాట వెతుక్కుంటూ ఉంటే "వగరు" అంది. తర్వాత్తర్వాత ఆయన కూడా "టూ మచ్ వగరు" అనేవాడు. బుసెలాస్ తెల్ల వైన్‌కు ఆమె రాసుకున్నది "నిమ్మతొక్క, చిటికెడు ఉప్పు". దావ్ ప్రాంతపు ఎర్ర వైన్‌కు "వాన వెలిశాక కట్టెల మోపు". నేను ఒకే ఒక్కసారి రుచి చూశాను, నాకు దగ్గుమందులా ఉంది.

"ఇంత ముక్కు నీకెక్కడిదక్కా?" అని ఓ ఆదివారం మధ్యాహ్నం ఎగతాళిగా అడిగాను. అడగకుండా ఉంటే బాగుండేది.

ఆమె తండ్రి తెనాలిలో డ్రాయింగ్ మాస్టారు. మద్యనిషేధం రోజుల్లో దొంగసారా తాగేవాడు. మొగుణ్ణి నిలదీయడానికి మొహం చెల్లని తల్లి, ఆయన వీధి మలుపు తిరగగానే కూతురిని పంపేది, "పోయి నాన్నను వాటేసుకో, వాసనొస్తోందేమో చూడు" అని. ఆయన లవంగం, జామాకు, కిళ్ళీ నమిలి వచ్చి, నవ్వుతూ వంగి పిల్లను దగ్గరకు తీసుకునేవాడు. ఆ పిల్ల వాటన్నిటి కిందా దాగినదాన్ని పసిగట్టి, తల్లి వైపు చూసి అవునన్నట్టు తల ఊపేది. ఊపితే తలుపు మూతపడేది, ఆయన అరుగు మీద పడుకునేవాడు. ఆమె పదమూడో ఏట ఒక సాయంత్రం ఆయన తూలుతూ వచ్చి, "ఇవాళ ముట్టుకోలేదు తల్లీ, నీమీద ఒట్టు" అన్నాడు. ఆమె తల ఊపింది. తలుపు అవతలి నుంచి ఆయన మంచినీళ్ళు అడుగుతూనే ఉన్నాడట. ఎవరూ ఇవ్వలేదు. తెల్లారేసరికి పోయాడు.

"నేను గ్లాసులో ముక్కు పెట్టినప్పుడల్లా వెనక నుంచుంటాడు రేణూ. మెడ మీద ఊపిరి తగుల్తుంది" అంది అక్క. "ఆ రోజు వాసన ఏదో ఒక సీసాలో ఉండే ఉంటుంది. అది దొరికితే ఆయన తాగినట్టే. నేను చెప్పింది నిజమైనట్టే. రెడ్ చూశాను, వైట్ చూశాను, పోర్ట్ చూశాను, ద్రాక్ష తొక్కల్నుంచి కాచే ఘాటు సరుకు కూడా చూశాను. ఎందులోనూ లేదు."

నాకు కోపం వచ్చింది. "పోయిన మనిషిని సీసాల్లో వెతుకుతావా? ఉద్యోగం మానెయ్" అని కసిరాను. ఆ వాసన ఎలా ఉండేదని మాత్రం అడగలేదు. నర్సుని, అడగాల్సింది.

1986 అక్టోబర్‌లో, ఉదయం పదకొండు గంటలకు మా వార్డుకు ఆమె దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది.

"రేణూ, అబీలియో తూలిపోతున్నాడు. మాట ముద్దగా వస్తోంది. ‘తాగాడు, కాసేపు పడుకోబెడదాం’ అంటున్నాడు గోడౌన్ డ్రైవర్." "ఆ వాసన వస్తోందే. ఆ రోజుదే. కానీ ఈయన తాగలేదు. పొద్దున్నించీ నా ఎదురుగానే ఉన్నాడు, అంతా ఉమ్మేశాడు."

"ఎలాంటి వాసన?"

"మగ్గిపోయిన పండు... నెయిల్ పాలిష్ కలిసినట్టు."

"నీళ్ళడుగుతున్నాడా?"

"ఆపకుండా."

"పడుకోబెట్టొద్దు. అంబులెన్స్‌కి కాల్ చెయ్. అది షుగర్ అక్కా!"

ముసలాయన బతికాడు. ఇంకో రెండు గంటలు ఆలస్యమైతే దక్కేవాడు కాదన్నాడు డాక్టరు. నేను ఉబ్బితబ్బిబ్బై కారిడార్‌లో అక్క భుజం పట్టుకుని వాగుతూ పోయాను. "భలే కనిపెట్టావు! షుగర్ బాగా పెరిగితే ఊపిరికి అలాంటి వాసనే వస్తుంది. తూలతారు, నీళ్ళు నీళ్ళు అంటారు. చాలామంది తాగారనుకుని వదిలేస్తారు, పాపం వాళ్ళు..."

అప్పుడు తెలిసింది, నేనేం చెబుతున్నానో. నా నోటిని తిట్టుకున్నాను. అక్క గోడకు ఆనుకుని మెల్లగా బెంచీ మీద కూర్చుంది. ఏడవలేదు. నేను పక్కన కూర్చుని, "పదమూడేళ్ళ పిల్లవి. ఆ రెండిటికీ తేడా నీకేం తెలుస్తుంది?" అన్నాను.

"తెలుసు" అంది.

నేను ఆమె మొహంలోకి చూశాను.

"సారా వాసన కాదని అప్పుడే తెలుసు రేణూ. కొత్తగా ఉంది. కానీ ముందు రోజు మా స్కూల్లో తాగొచ్చి అందరి ముందూ పడిపోయాడు. నా ఫ్రెండ్స్ నవ్వారు. ఒక్క రాత్రి బయట పడుంటే బుద్ధొస్తుందనుకుని, తల ఊపాను."