బుజ్జమ్మక్క తెల్లకణాలు

2019, వానలు మొదలైన రోజులు. బోగోలులో ఒక డాక్టరుగారి క్లినిక్ పక్కగదిలో నేను ల్యాబ్ టెక్నీషియన్‌ని. కొత్త మిషన్ వచ్చి నెల కూడా కాలేదు. సీబీసీ, అంటే రక్తకణాల లెక్క, నిమిషాల్లో అచ్చయి వచ్చేది. ఆ కాగితం మీదున్న శ్రద్ధ, దాన్ని తీసుకునే మనిషి మీద నాకుండేది కాదు.

చేపల గంపతో ఊళ్లు తిరిగే బుజ్జమ్మక్క పాదంలో జెల్ల చేప ముల్లు దిగింది. రెండు రోజులుగా జ్వరం. డాక్టరుగారు సీబీసీ రాసి, పనిమీద కావలి వెళ్లారు. టోటల్ కౌంట్, అంటే తెల్లకణాల మొత్తం, పెద్దవాళ్లకు మామూలుగా నాలుగు వేల నుంచి పదకొండు వేల దాకా ఉంటుంది. ఆమెకు పద్దెనిమిది వేలు దాటింది.

"ఏముందబ్బయా?"

"తెల్లకణాలు ఎక్కువున్నాయక్కా. తగ్గాల."

తల ఎత్తకుండానే అన్నాను. రేపు డాక్టరుగారికి చూపించమని చెప్పాల్సింది. చెప్పలేదు.

నాలుగో రోజు కూతురి భుజం పట్టుకుని కుంటుతూ వచ్చింది. పాదం ఉబ్బి నిగనిగలాడుతోంది. ముఖం పీక్కుపోయింది.

"అన్నం మానేసినా. పాలు, పెరుగు, ఇడ్లీ ఏదీ ముట్టలా. అయినా తగ్గలేదేందబ్బయా?"

"ఎందుకు మానేసినావక్కా?"

"షుగరొస్తే చక్కెర మానమంటారు గదా. తెల్లవి ఎక్కువైతే తెల్లవి మానద్దా?"

"చందువా చేపలు కూడా తెల్లగుండాయని నాకే పెట్టిందన్నా," అంది కూతురు.

నవ్వొచ్చింది. మళ్లీ ఆ పాదం చూశాక, ఆమెను డాక్టరుగారి గదిలోకి తీసుకెళ్లాను.

డాక్టరుగారు చీము తీశారు. "ఇంకో రెండు రోజులైతే కాలి వేలు తీసేయాల్సొచ్చేది. తిండి మానమని ఎవరు చెప్పారు?"

నేను నేల చూపులు చూస్తున్నాను. బుజ్జమ్మక్క నా వంక ఒకసారి చూసింది.

"ఎవురూ చెప్పలేదు సార్. నేనే తప్పుగా విన్నా."

ఆ పూటకి ఆమె మాట చాటున దాక్కున్నాను. మర్నాడు డాక్టరుగారికి నిజం చెప్పి తిట్లు తిన్నాను. కట్టు మార్పించుకోవడానికి ఆమె వస్తే, పక్కన కూర్చున్నాను.

"నువ్వు తప్పుగా వినలేదక్కా. నేనే సగం చెప్పినా."

"మిగతా సగం ఇప్పుడు చెప్పు మరి."

"సముద్రం ఒడ్డున జనం గుంపుగా చేరితే ఏమనుకుంటావు?"

"ఏ పడవకో ఆపదొచ్చిందనుకుంటా."

"తెల్లకణాలు ఆ జనమే. ముల్లు గుచ్చుకున్న చోట క్రిములు చేరినాయి. వాటిని తరమడానికి వచ్చినారు."

"ఓర్నీ! పడవనొదిలేసి, సాయానికొచ్చినోళ్లకు కూడు మాన్పించినానా!"

ఇద్దరం నవ్వుకున్నాం. వారంలో కౌంట్ ఎనిమిది వేలకు దిగింది. ఆ రోజు క్లినిక్ మెట్ల మీదే పెరుగన్నం తినింది.

కౌంట్ పెరిగిందంటే ఒంట్లో ఏదో జరుగుతోందని మాత్రమే. అదేమిటో తేల్చాల్సింది డాక్టరు. ఆయన దాకా మనిషిని పంపడం నా పనిలో భాగమని ఆ పాదం నేర్పింది. ఇప్పుడు వాడలో ఎవరికి జ్వరమొచ్చినా బుజ్జమ్మక్కే వెంటబెట్టుకొస్తుంది. గది గుమ్మంలోంచే అడుగుతుంది:

"ఒడ్డున జనం ఎంతమందుండారో చూడబ్బయా. తలెత్తి చెప్పు."