నూకాలు సీడీ ప్లేయరు

ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. మా ఆయనకి కూడా. ఇన్నేళ్లలో ఎన్నోసార్లు నోటిదాకా వచ్చింది, మింగేశాను. ఇవాళ మీకు చెబుతున్నాను. మీరు నూకాల్ని ఎరగరు, నన్నూ ఎరగరు. వింటే చాలు.

ఎనభైల చివర. విశాఖపట్నంలో ఒక కాలేజీ ఫిజిక్సు లాబులో అసిస్టెంటుని. మా సారు చీకటి గదిలో స్లైడ్లు వేసి, తెర మీద కర్రతో చూపించేవారు. కర్ర నీడ సగం బొమ్మని కప్పేసేది. చేత్తో పట్టుకునే లేజరు నేను తయారుచేస్తానన్నాను. "నీ వల్ల అవుతుందామ్మా?" అని నవ్వారు. చేసి తీరాలనుకున్నాను.

హార్బరు దగ్గర ఓడ సామాన్లు అమ్మే కొట్లో పగిలిన సీడీ ప్లేయరొకటి దొరికితే, అందులోంచి లేజరు డయోడు ఊడదీశాను. బఠాణీ గింజంత ఉంటుంది, మూడు కాళ్లు. బ్యాటరీకీ దానికీ మధ్య ఒక్క రెసిస్టరు పెట్టి స్విచ్ నొక్కాను. వెలిగిన వెంటనే చచ్చిపోయింది. కరెంటు ఒక్కసారిగా పొంగితే అది తట్టుకోలేదని అప్పుడు తెలిసింది. దాన్ని నడిపే సర్క్యూటు వేరే ఉండాలి. కరెంటు మెల్లగా ఎక్కాలి, హద్దు దాటకూడదు, వెలుగు పెరిగితే తనంతట తనే తగ్గాలి. గీశాను, చెరిపాను, డయోడు బదులు మామూలు ఎర్ర లైట్లు పెట్టి కొలిచాను. చివరికి కుదిరింది. కానీ అసలు డయోడు పెట్టి చూద్దామంటే డయోడు లేదు. కొట్లో మళ్లీ అలాంటిది రాలేదు.

అప్పుడొచ్చింది నూకాలు.

మహారాణిపేటలో మా పక్క వాటా వాళ్లది. జాలారిపేట పిల్ల. మొగుడు సింహాచలం, ఓడ మీద పనిచేసేవాడు, నెలల తరబడి ఇంట్లో ఉండడు. వెళ్తూ వెళ్తూ ఒక సీడీ ప్లేయరూ కొన్ని డిస్కులూ ఇచ్చి వెళ్లాడు. ఒకదాంట్లో ఎవరో పరాయి దేశపావిడ పాడేది. భాష తెలీకపోయినా నూకాలు ఆ రాగం తీస్తూ చేపలు కడిగేది.

"మద్దిలో ఆగిపోతన్నాది వదినా, ఓపాలి సూడవా" అని నా చేతిలో పెట్టి వెళ్లింది.

మూత విప్పాను. లెన్సు మీద దుమ్ము. అంతే. దూదితో తుడిస్తే పాడేది.

తుడవలేదు. ఎందుకు? నా సర్క్యూటు సరైనదో కాదో తేల్చుకోవాలన్న పట్టుదలా? సారు నవ్విన నవ్వా? లేకపోతే, నాది చదువు, ఆమెది ఊసుపోక వినే పాట, పోతే మాత్రం ఏమైందిలే అని లోలోపల ఎక్కడో అనుకున్నానా? ఆ చివరిదే నిజం. మణికట్టుకి రాగితీగ చుట్టి, రెండో కొస కుళాయికి కట్టి, ఒంట్లో ఉండే స్టాటిక్ కరెంటు తగిలి పాడవకుండా ఎంతో జాగ్రత్తగా డయోడు ఊడదీసుకున్నాను.

మర్నాడు నూకాలు వచ్చింది.

"లోపల లేజరు పోయింది" అన్నాను.

"ఎలా పోనాది వదినా? దుమ్ముందని నాను మూత తీసి ఊదినాను. నా సెయ్యేటైనా తగిలీసిందేటి?"

కాదనొచ్చు. కాదనడానికి ఎంతసేపు పడుతుంది?

"తగిలే ఉంటుంది. అలాంటివి ముట్టుకోకూడదు నూకాలూ."

ఆమె తన అరచేతులకేసి చూసుకుంది. ప్లేయరు చంకలో పెట్టుకుని వెళ్లిపోయింది.

నా సర్క్యూటు పనిచేసింది. లాబులో కిటికీలు మూస్తే గోడ మీద గుడ్డిగా ఎర్రచుక్క పడింది, పడి నిలిచింది. సారు ఈసారి నవ్వలేదు. పిల్లలందరికీ నా చేతే సర్క్యూటు వివరంగా చెప్పించారు. అన్నీ చెప్పాను. డయోడు ఎక్కడిదో ఎవరూ అడగలేదు.

సింహాచలం తిరిగొచ్చినప్పుడు నూకాలే ముందుగా చెప్పేసింది, తన చేత్తో పాడు చేసేశానని. అతను పెద్దగా ఏమీ అనలేదు. కానీ ఆ తర్వాత ఆమె ఇంట్లో రేడియో కూడా ముట్టుకునేది కాదు. "నా సెయ్యి మంచిది కాదు" అని పక్కింటి పిల్లల్ని పిలిచి పెట్టించుకునేది. నన్ను కూడా పిలిచేది. వెళ్లి పెట్టి వచ్చేదాన్ని.

మేం గాజువాక మారిపోయాం. ఆమె ఇప్పుడు జాలారిపేటలోనే ఉందని విన్నాను. క్షమిస్తుందని నేననుకోవడం లేదు. క్షమించమని అడగను కూడా. లెన్సు మీద దుమ్ము తప్ప ఆ ప్లేయరుకి ఏ లోపమూ లేదు. పాడు చేసింది నేను. ఈ రెండు మాటలూ ఆదివారం వెళ్లి ఆమెతో చెబుతాను. ముందు మీతో పైకి అనగలిగాను.