బంద్ రోజు పైథాన్ డెమో

ఉద్యమం నడిచిన ఆ రోజుల్లో దిల్‌సుఖ్‌నగర్‌లో బంద్ ఎప్పుడుంటుందో చెప్పొచ్చేమో గానీ, క్లాసు ఎప్పుడుంటుందో చెప్పడం ఎవరి తరమూ కాదు. సగం దించిన షట్టర్ల కింద నుంచి వంగి లోపలికి పోయి చదువుకున్న తరం మాది (ఇప్పటి నడుం నొప్పులకు మూలం అదేనని నా అనుమానం). నేనైతే ఆ షట్టర్ వెనకే పాఠాలు చెప్పడం కూడా మొదలుపెట్టాను. డిగ్రీ చేతికొచ్చి ఏడాది, పైథాన్ అనే కంప్యూటర్ భాష నేర్చుకుని రెండు నెలలు. మా ఇన్‌స్టిట్యూట్ సార్ మాత్రం నా పోస్టర్ మీద 'పదేళ్ల రియల్‌టైమ్ అనుభవం' అని వేయించాడు. ఆ గల్లీలో అందరి పోస్టర్లూ అంతే. ఎనిమిదేళ్లని వేస్తే జనం చిన్నచూపు చూసేవాళ్లు.

"తమ్మీ, ఇయ్యాల డెమోల కనీసం ఐదుగురన్న జాయిన్ కావాలె. లేకుంటే పైథాన్ బ్యాచ్ ఉండదు, నువ్వు గూడ ఊరికి పోవుడే," అన్నాడు సార్ పొద్దున్నే. ఊళ్లో మా మేనమామ తన బోర్‌వెల్ లారీ మీద నాకోసం ఒక సీటు ఖాళీగా ఉంచాడు. ఆ దుమ్ము తలుచుకుంటేనే నాకు దగ్గొచ్చేది.

బంద్ అయినా ఆ డెమోకు, అంటే ఫీజు కట్టకముందు ఊరికే చూపించే క్లాసుకు, పన్నెండు మంది వచ్చారు. వారం రోజులు కూర్చుని రాసుకున్న ప్రోగ్రాం చూపించాను. నల్ల తెర మీద ఫైలు పేరు కొడితే ఆ ఫైలు, సైటు పేరు కొడితే ఆ వెబ్ పేజీ వాటంతటవే తెరుచుకుంటాయి, మౌస్ ముట్టుకునే పనే లేదు. బస్సుల టైములుండే పేజీ తెరిచాను (ఆ రోజు బస్సులు లేవు, పేజీ మాత్రం ఉంది). అందరూ నోళ్లు తెరుచుకుని చూస్తుంటే నేను నేల మీద లేను. ఇంతలో బయట ఊరేగింపు వచ్చింది. "జై తెలంగాణ" అన్న కేకలు దగ్గరపడేసరికి సార్ షట్టర్ మొత్తం దించేశాడు.

ముందు బెంచీలో కూర్చున్న నల్గొండ అబ్బాయి అప్పుడు అడిగాడు. "అన్నా, ఫోల్డర్ల ఉన్నయన్నీ ఒక్కసారే తెరుస్తదా?"

"ఎందుకు తెరవదు!" అని ఫైలు పేరు బదులు 'అన్నీ' అని అర్థమొచ్చే స్టార్ గుర్తు పెట్టి ఎంటర్ కొట్టాను. వద్దనడానికి నాకు బుద్ధి లేదు, ఆపడానికి ప్రోగ్రాంలో లైను లేదు. ప్రొజెక్టర్ మీద ముందు పాఠం నోట్సు వచ్చింది. తర్వాత మా అక్క కొడుకు బోసినవ్వు, బతుకమ్మ ముందు మా అమ్మ, చివరికి గోడ నిండా నా బయోడేటా. పుట్టిన తేదీ సహా. 'అనుభవం: లేదు.'

ఆ అబ్బాయి వేళ్ల మీద లెక్కపెట్టాడు. "అన్నా, పదేండ్ల కింద నువ్వు ఏడో తరగతిల ఉన్నవ్ గదా!"

గది గొల్లుమంది. సార్ ఫ్యాను వైపు చూస్తున్నాడు. పారిపోదామంటే షట్టర్ మూసి ఉంది. సిగ్గుతో చచ్చిపోయాననుకోండి. "రెండు నెలల కిందే నేర్చుకున్న. ఇంక చానా రాదు," అన్నాను.

వెనక నుంచి ఎల్‌బీ నగర్‌లో ఉండే గుంటూరు అక్క (బాబుని బడిలో వేశాక మళ్లీ ఉద్యోగం వెతుక్కుంటున్నావిడ) లేచింది. "పోన్లెండి మాస్టారూ. ఆ రెండు నెలల్లో మీకెక్కడ కష్టమైందో అదే చెప్పండి. మాకూ అక్కడే కష్టమవుద్దిగా."

చెప్పాను. ఎక్కడెక్కడ బోర్లా పడ్డానో, ఏ తప్పు దొరక్క మూడు రోజులు జుట్టు పీక్కున్నానో అంతా చెప్పాను. బయట నినాదాలు సాగుతుండగానే, ప్రతి ఫైలుకీ ముందు 'తెరవాలా?' అని అడిగే లైను అందరం కలిసి రాశాం. షట్టర్ లేచేసరికి ఏడుగురు పేర్లు రాయించుకున్నారు. లారీ మీద సీటు వేరేవాళ్లకు దక్కింది. సార్ మర్నాడే పోస్టర్ మార్పించాడు, 'ఐదేళ్లు' అని. నిజం విషయంలో ఆయనకు అంతవరకే సాధ్యం.

ఇప్పుడు ఆఫీసు మీటింగుల్లో తెలియని సంగతి ఎవరైనా అడిగితే, "చూసి చెప్తాను" అని గంభీరంగా తలూపుతాను. రాదని నలుగురిలో ఒప్పుకున్నది నా ఉద్యోగ జీవితం మొత్తంలో ఆ ఒక్కరోజే, అదీ బయటికి దారి లేక. అయినా నేను చెప్పిన పాఠాల్లో బాగా చెప్పింది ఏదంటే, ఇప్పటికీ అదే.