తువాలు కింద యుద్ధం

మా కొట్లో స్టీలు గిన్నె కొనాలని వచ్చినవాడు ముందు గిన్నెను తిడతాడు. పల్చగా ఉందంటాడు, మూత సరిగా పట్టడం లేదంటాడు, పక్క కొట్లో ఇంతకంటే దళసరిది సగానికే ఇస్తున్నారంటాడు. మెట్లు దిగి వెళ్ళిపోతాడు కూడా. మా నాన్న తల ఎత్తేవాడు కాదు. నాలుగడుగులు వేశాక ఆ మనిషి వెనక్కి తిరుగుతాడని ఆయనకు తెలుసు. విజయవాడ వన్‌టౌన్‌లో గల్లాపెట్టె పక్కన పెరిగిన నాకు అక్షరాలకంటే ముందు వచ్చిన చదువు అదే.

పై చదువు మా మేనమామ దగ్గర. ఆయన మామిడికాయల దళారీ. వేసవి సెలవుల్లో నన్ను మార్కెట్‌కు తీసుకెళ్ళేవాడు. అక్కడ కొనేవాడూ అమ్మేవాడూ చేతులు కలిపి, వాటిమీద తువాలు కప్పి, దాని కింద వేళ్ళు నొక్కి ధర చెప్పుకుంటారు. పైన నోళ్ళు మాత్రం వేరే పనిలో ఉంటాయి. "నీ కాయ పందులు కూడా ముట్టవు" అని ఒకడు, "నీ మొహానికి ఇదే ఎక్కువ" అని ఇంకొకడు. ఇక కొట్టుకుంటారు అనుకునేలోపు తువాలు తీసి భుజాన వేసుకుంటారు. బేరం అయిపోయిందన్నమాట. "నోటివంక చూడకురా, మోచేతివంక చూడు. కింద వేళ్ళు ఏమంటున్నాయో అది చెబుతుంది" అనేవాడు మామయ్య.

ఈ రెండు ముక్కలు పట్టుకుని నేను జనానికి ప్రపంచ రాజకీయాలు చెప్పడం మొదలుపెట్టాను. స్టీలు సామాన్లవాడికి విదేశాంగ విధానం ఎందుకని మా ఆవిడ చాలాసార్లే అడిగింది. కొట్టుకు వచ్చినవాళ్ళు టీవీలో అరుపులు విని, "మరి దానివల్ల మనకేంటండీ?" అని అడిగేవారు. ఎక్కడో ఆంక్షలు పెడితే కంకిపాడులో వంటనూనె ఎందుకు పెరిగిందో, ఐక్యరాజ్య సమితిలో మన దేశం ఓటు వెయ్యకుండా ఊరుకుంటే దాని అర్థమేమిటో ఎవరో ఒకరు విడమరిచి చెప్పాలి కదా అనిపించింది. పత్రికలు, పుస్తకాలు తెప్పించుకుని చదివేవాణ్ణి. కొట్టు పైనున్న గోదాము ఖాళీ చేయించి, ముప్పై ప్లాస్టిక్ కుర్చీలు వేసి, గోడకు ప్రపంచపటం తగిలించాను. ఆదివారం పదకొండింటికి మీటింగు. టీ, పునుగులు నా ఖర్చు. మొదటివారం జనం పునుగుల కోసం వచ్చారు. రెండోవారం కూడా అందుకే వచ్చారనుకుంటాను. మూడోవారం నుంచి నా కోసమే వస్తున్నారని నాకు నేను చెప్పుకున్నాను.

ఉక్రెయిన్ సరిహద్దులో సైన్యం పోగవుతున్న చలికాలం అది. ఆ ఆదివారం గోదాము నిండిపోయింది, మెట్లమీద కూడా కూర్చున్నారు. నేను మంచి ఊపులో ఉన్నాను. భుజం మీది తువాలు తీసి ఎడమచేతిమీద కప్పి, "ఇదంతా పైన తిట్టుకోవడం అండీ. అసలు ధర ఇక్కడ, దీని కింద నడుస్తోంది. ఇన్ని ట్యాంకులు తెచ్చి టీవీకి చూపించేవాడు కొట్టడానికి రాలేదు, కొనడానికి వచ్చాడు" అన్నాను. చప్పట్లు కొట్టారు. ఎవరో ఫోనులో తీసుకున్నారు.

మీటింగు అయ్యాక గుణదల నుంచి వచ్చే టీచరుగారు ఆగారు. ఆవిడ స్కూల్లో లెక్కలు చెబుతారు. గుడిలో పూజ అవగానే నేరుగా మీటింగుకు వచ్చి ముందువరుసలో కూర్చునేవారు, లెక్కల నోటుబుక్కులోనే నా మాటలు రాసుకునేవారు.

"అన్నయ్యగారూ, మా పాప అక్కడే మెడిసిన్ చదువుతోందండీ. నాలుగో సంవత్సరం. వచ్చేయమననా?"

"టికెట్ ఎంత చెబుతున్నారమ్మా?"

చెప్పారు. నాకు ఒళ్ళు మండింది.

"దోపిడీ అండీ అది! భయపడ్డవాళ్ళని చూసి రేటు పెంచేశారు. పది రోజులు ఆగండి, సగానికి దిగొస్తుంది."

"మరి ప్రమాదం ఏం లేదంటారా?"

"బేరం అమ్మా ఇది. బేరం."

ఆవిడ ఊపిరి పీల్చుకున్నారు. ఎప్పుడూ నా పునుగులు ముట్టనివారు, పళ్ళెంలోంచి ఒకటి తీసుకుని తిన్నారు. ఆ రోజు మొత్తంలో నాకు బాగా గుర్తున్నది అదే.

నిజానికి అక్కడ ఉండాల్సిన అవసరం లేనివాళ్ళు తిరిగి వచ్చేయండని మన ఎంబసీ అప్పటికే చెప్పింది. అది నేనూ చదివాను. అన్ని దేశాలూ అరుస్తున్నాయి కదా, ఇదీ ఆ అరుపుల్లో ఒకటే అనుకున్నాను. నోటివంక చూడకూడదని నేర్చుకున్నవాణ్ణి, నిజం చెబుతున్న నోటిని కూడా చూడలేదు.

నాలుగో రోజు పొద్దున్న యుద్ధం మొదలైంది. కొట్టు తాళం తీస్తుంటే ఆవిడ ఫోను.

"అన్నయ్యగారూ, విమానాలు ఆపేశారటండీ. ఇప్పుడేం చెయ్యమంటారండీ?"

గొంతులో నిందేమీ లేదు. లెక్క రాని పిల్ల టీచరును అడిగినట్టు అడిగారు. ఎంబసీ నంబరు చెప్పబోయాను. అది కలవడం లేదని ఆవిడే చెప్పారు.

ఆ తర్వాతి రోజుల్లో గిన్నెల్ని తిట్టినవాళ్ళకి తిట్టిన ధరకే ఇచ్చేశాను. మా నాన్న ఉండుంటే నన్ను డాక్టరుకి చూపించేవాడు. పాప బేస్‌మెంట్‌లో ఉందని ఒకరోజు, రైలెక్కిందని ఒకరోజు, సరిహద్దుకు మంచులో నడుస్తోందని ఇంకోరోజు టీచరుగారు చెప్పారు. ఆ మధ్యలో ఒక రోజంతా ఏ కబురూ లేదు. గన్నవరంలో దిగే రోజున నేనూ విమానాశ్రయానికి వెళ్ళాను. తల్లీకూతుళ్ళు ఒకరినొకరు పట్టుకుని ఏడుస్తుంటే పార్కింగు దగ్గర ఒక వ్యాను చాటున నిలబడి చూసి, కనబడకుండా వచ్చేశాను.

పదిరోజులకు ఇద్దరూ కొట్టుకు వచ్చారు.

"రామ్మా, ఎలా ఉన్నావు?" అన్నాను.

ఆ అమ్మాయి మెట్టుమీదే ఆగిపోయింది. నావంక కాదు, తల్లివంక చూసింది.

"అమ్మా, ఈ గొంతేగా?"

నేను ఆ ఆదివారం మాట్లాడింది తల్లి ఆమెకు పంపారట. తువాలు కప్పుకుని నేను చెప్పిన నలభై సెకన్లు. "మా హాస్టల్లో తెలుగువాళ్ళం ఏడుగురం ఉండేవాళ్ళం అంకుల్. అందరికీ వినిపించాను. ముగ్గురు టికెట్లు కూడా క్యాన్సిల్ చేసుకున్నారు."

"వాళ్ళు?" అన్నాను.

"వచ్చేశారులెండి, అందరం వచ్చేశాం. ఒకమ్మాయి మాత్రం నాతో మాట్లాడడం మానేసింది." మెట్టెక్కి లోపలికి వస్తూ మళ్ళీ అంది. "కింద చీకట్లో బాంబు చప్పుడు వినిపించినప్పుడల్లా మా రూమ్మేట్ అచ్చం మీలాగే అనేది. 'బేరం అమ్మా ఇది, బేరం' అని. అమ్మ నాకు ఫోన్లో చెప్పిన మాట అది. మొదట్లో నవ్వేవాళ్ళం."

తర్వాత ఏమయ్యేదో అడగలేదు. తల్లి ఏమీ కొనకుండా వెళ్ళడం బాగుండదని ఒక మూత గిన్నె తీసుకుని, నేను వద్దంటున్నా డబ్బు పెట్టి వెళ్ళారు.

మీటింగులు ఆపేశాను. అప్పటికే ఫోనుల్లో ఊళ్ళు దాటిన ఆ వీడియోను ఆపడం నా చేతిలో లేకపోయింది. భూమ్మీద ఏ మూల రెండు దేశాలు కోపంగా చూసుకున్నా ఆ నలభై సెకన్లు లేచి వస్తాయి. దేశం పేరు మార్చి కింద రాస్తారు, నా మాటలు మాత్రం అవే. ఒకసారి కొట్లో ఒకాయన బిందెలు ఎంచుకుంటూ దాన్ని పెద్దగా పెట్టుకుని విన్నాడు. "ఎవడో గానీ భలే చెప్పాడండీ" అన్నాడు నాతోనే. నా తువాలు నా భుజానే ఉంది. బిందె ధర అడుగుతుంటే లోపలికి వెళ్ళిపోయాను. అప్పటి నుంచి కొట్లో ఎవరు ఫోను తీసినా చెవులు మూసుకోవాలనిపిస్తుంది. అందులో ఉన్నవాడు నాకంటే ధైర్యంగా, నాకంటే తెలిసినవాడిలా ఉంటాడు. వాణ్ణి ఆపేవాళ్ళు లేరు.

కొన్ని నెలలకు టీచరుగారు వచ్చారు.

"మీటింగు పెట్టడం లేదేంటండీ?"

"ఏ మొహం పెట్టుకుని చెప్పనమ్మా?"

"ఆ మొహంతోనే చెప్పండి. నేను అడగాల్సింది ఉంది."

పాప చదువు మధ్యలో ఆగిపోయింది. జార్జియా దేశంలో సీటు దొరికింది. పంపాలా వద్దా అన్నది ఆవిడ ప్రశ్న. రెండువారాలు గడువు అడిగి, ఆ తర్వాతి ఆదివారం కుర్చీలు వేయించాను. పదిమంది వచ్చారు. కూతురు వెనకవరుసలో, తలుపు పక్కన కూర్చుంది.

ఆ రెండువారాలూ చదివినదంతా చెప్పాను. ఆ దేశం మీదికి కూడా కొన్నేళ్ళ క్రితం అదే పొరుగు సైన్యం వచ్చిందని, పటం మీద ఏ దారిన బయటికి రావచ్చో, మన ఎంబసీ ఎక్కడుందో అన్నీ చెప్పాను. తువాలు ఇంట్లో వదిలేసి వచ్చాను. టీచరుగారు అంతా రాసుకుని కలం మూశారు.

"పంపమంటారా, వద్దంటారా?"

నాలుక చివర జవాబు సిద్ధంగానే ఉంది. బేరగాడి నోరు కదా, ఖాళీగా ఉండలేదు. దాన్ని మింగడానికి కాస్త సమయం పట్టింది.

"నాకు తెలీదమ్మా."

"దీనికి మీటింగెందుకండీ, ఫోన్లో చెప్తే పోయేదిగా!" అన్నారెవరో. కొందరు నవ్వారు. ఆవిడ నవ్వలేదు.

"పోనీ, వెళ్తే ఎప్పుడు వచ్చెయ్యాలో ఎలా తెలుస్తుంది?"

"ఎంబసీలవాళ్ళు తమ పిల్లల్ని ఇంటికి పంపేస్తుంటే ఆ రోజే బయల్దేరాలి. టికెట్ రేటు అడక్కూడదు. నన్ను కూడా అడక్కూడదు."

ఆవిడ మళ్ళీ నోటుబుక్కు తెరిచి అది కూడా రాసుకున్నారు. వెనకనుంచి కూతురు, "నేను వెళ్తానమ్మా" అంది.

వెళ్ళింది. ఇప్పుడు మీటింగు ముందు ప్రతి ఆదివారం టీచరుగారే నాకు ఫోను చేసి అక్కడి సంగతులు చెబుతారు. వీధిలో ఊరేగింపు జరిగిందని, బస్సులు తిరుగుతున్నాయని, పాప వింటున్న మాటలు, చూస్తున్న మొహాలు. నేను రాసుకుంటాను. ఆవిడ పేరు తెరమీద కనబడగానే యుద్ధం మొదలైన ఆ పొద్దున సగం తీసిన కొట్టు తాళం గుర్తొస్తుంది.

ఇవాళ కూడా చేశారు.

"అన్నయ్యగారూ..." అని ఆగారు.

"చెప్పమ్మా. ఏమైంది?"

"పాప పొద్దున్నే మెసేజ్ పెట్టిందండీ. ఒక్క నిమిషం, పాలు పొంగుతున్నాయి, ఉండండి."

ఫోను ఎక్కడో పెట్టిన చప్పుడైంది. పైన కుర్చీలు లాగుతున్నారు, జనం వస్తున్నారు. ఆవిడ మాట పూర్తిగా వినకుండా పైకెళ్ళకూడదని, నేను ఫోను చెవికి ఆనించుకుని మెట్ల దగ్గరే నిలబడ్డాను. అటువైపు స్టవ్ కట్టేసిన చప్పుడు వినబడింది. ఆవిడ ఇంకా ఫోను తియ్యలేదు.