నలభై మూడో మేకు

బిళ్ళను చేతికిచ్చే ముందు దీపాల గది రాజలింగు దాని మీది అంకెను బొటనవేలితో ఒకసారి తడుముతాడు. బెల్లంపల్లిలో ఆ బొగ్గుబాయి దిగే నాలుగు వందల మందికీ అంతే. కళ్లు చదివిన అంకెను వేలు కూడా ఒప్పుకోవాలి. అప్పుడే ఇత్తడి బిళ్ళ, టోపీ దీపం గడప దాటుతాయి. "రాజలింగు ఏలు అరిగినంక గాని మనం దిగం" అని వరుసలో ఎవరో ఒకరు అంటూనే ఉంటారు. ఆయన తలెత్తడు.

దీపాల గది గోడకు నాలుగు వందల మేకులు. మనిషి దిగితే మేకు ఖాళీ. పైకొస్తే బిళ్ళ మళ్లీ మేకెక్కుతుంది. ఎవరైనా చనిపోతే ఆ మేకు పైన పసుపు బొట్టు పెట్టి, దసరా దాకా ఖాళీగా ఉంచుతారు. పూజ అయ్యాక బొట్టు తుడిచి, నంబరు కొత్తవాడికి ఇస్తారు.

నలభై మూడో మేకు మీద మాత్రం మూడు దసరాలు దాటినా బొట్టు ఉంది. అది ఆయన తమ్ముడు కొండల్‌ది. వానకాలపు జ్వరంతో ఇంట్లోనే పోయాడు. అడిగినవాళ్లకు రాజలింగు ఆ నంబరు దీపం ఖరాబైందని చెబుతాడు. వారానికొకసారి దానికి చార్జింగు పెడతాడు.

1959లో లక్సెట్టిపేట దిక్కు నుంచి రాయమల్లు వచ్చాడు. ముప్పై ఏళ్లవాడు. పని రాసిచ్చారు గాని నంబరు లేదు. నంబరు లేనివాడు బాయి దిగకూడదు. ఖాళీ ఉన్నది అదొక్కటే. పది రోజులు గది ముందు కూర్చున్నాడు. శనివారం గుమాస్తా వచ్చి, సోమవారం పొద్దటికి దీపం బాగుకాకపోతే ఈ మనిషిని ఊరికి పంపించేస్తామని చెప్పి వెళ్లాడు. రాయమల్లు బతిమాలలేదు. తెచ్చుకున్న జొన్నరొట్టెలు అయిపోయాయని మాత్రం అన్నాడు.

మరునాడు ఆదివారం, బాయికి సెలవు. అంకెలు చక్కగా రాస్తాడని హైస్కూలు సైన్సు సారు హనుమండ్లు రాజలింగును పిలిపించాడు. ఇన్‌స్పెక్టరు వస్తున్నాడు, గోడ మీద మూలకాల పట్టిక కావాలి. చెదలు తిన్న పాత పటం ఒకటి చేతికిచ్చి ఆయన బజారుకు వెళ్లాడు. పైన ఉర్దూలో ఏదో ఉంది. గడికొక అంకె, ఒకటో రెండో ఇంగ్లీషు అక్షరాలు. ఆ ఇంగ్లీషు అక్షరాలు రాజలింగుకు రావు. వాటిని బొమ్మల్లా దింపాడు. అంకెల దగ్గర చెయ్యి తనంతట తాను నడిచింది.

నలభై రెండు దాటాక ఆగింది. పక్క గడిలో అంకె ఉంది, అక్షరం లేదు. అరవై ఒకటి, ఎనభై అయిదు, ఎనభై ఏడు కూడా అంతే. చాలాసేపు చూశాడు. పసుపు రంగు డబ్బా తెరిచి, నాలుగు గళ్లలో నాలుగు బొట్లు పెట్టాడు.

హనుమండ్లు తిరిగొచ్చి చూసి నవ్వాడు.

"రాజలింగన్నా, గీ బొట్లేంది?"

"పోయినోళ్లు గద సారూ. నంబరుంది, మనిషి లేడు."

సారు నవ్వు ఆగింది. వాళ్లు పోయినవాళ్లు కాదని చెప్పాడు. ఈ పటం అచ్చయిన నాటికి ఇంకా దొరకలేదంతే. నలభై రెండు తెలుసు, నలభై నాలుగు తెలుసు. నడుమ ఒకటి ఉండి తీరాలని, ఎవరూ చూడకముందే చోటు విడిచిపెట్టారు. తరువాత నాలుగూ దొరికాయి. నలభై మూడుకు టెక్నీషియం అని పేరు పెట్టారు.

"గీ నంబర్లు ఏ ఆఫీసోళ్లు ఇచ్చిండ్రు?"

"ఎవ్వరియ్యలే. కడుపుల్నే ఉంటది."

సుద్దముక్కతో నేల మీద చిన్న ముద్ద గీశాడు. అందులో ప్రోటాన్లు. ముద్ద చుట్టూ దూరంగా ఎలక్ట్రాన్లు. లోపల ఎన్ని ప్రోటాన్లుంటే అదే దాని నంబరు అన్నాడు.

"అండ్లకెల్లి ఒకటి తీస్తే?"

"గప్పుడు గది గదే కాదు. నలభై రెండైతది. ఇంకో మూలకం."

రాజలింగు ఆ ముద్ద దగ్గర గొంతుక్కూర్చున్నాడు.

"మా కొండల్‌ది నలభై మూడు" అన్నాడు.



కొండల్ ఇరవై రెండో ఏట బాయికి వచ్చాడు. అంతకుముందు బర్రె వీపు మీద గోదావరి దాటినవాడికి, ఒడ్డు మీద ఉప్పద్దుకుని మామిడికాయ తిన్నవాడికి ఏ నంబరూ లేదు. వచ్చాక కూడా రోజూ బిళ్ళను మేకుకు తగిలించి, కొండల్‌గానే ఇంటికి వచ్చాడు. బిళ్ళ తీసినా మనిషిలో ఏమీ తగ్గలేదు.

"బొట్లు చెరిపేస్త సారూ" అన్నాడు రాజలింగు.

కిరసనాయిలు గుడ్డతో తుడిచాడు. సారు కాగితం మీద రాసిచ్చిన అక్షరాలను నాలుగు గళ్లలోకి దింపాడు. చీకటి పడకముందే పట్టిక నిండింది.

మర్నాడు పొద్దున మొదటి షిఫ్టుకు రాజలింగు రాయమల్లును గదిలోకి పిలిచాడు. నలభై మూడో మేకు పైన బొట్టు లేదు, గోడ తడిగా ఉంది. దీపం వెలిగించి చూసి, తన చేత్తోనే అతని టోపీకి తగిలించాడు.

"నీ ఇంటిపేరేంది?" అని అడిగాడు.

రాయమల్లు చెప్పాడు. రాజలింగు రిజిస్టరులో ఈసారి ముందు ఆ పేరు రాసి, నంబరు తరువాత రాశాడు.